ట్రాక్టరు దుక్కియు డీజిలు వ్యయమును

ఎకరము దున్నుటకు ఎంత డీజిలు పట్టునని రైతుబిడ్డల నడిగినచో, తమ ట్రాక్టరు ఎన్ని గుఱ్ఱముల బలము గలదో చెప్పెదరు. ఆ యుత్తరము చాలదు. ఒకే ట్రాక్టరు ఒక పొలమున కొంచెముతో సరిపెట్టుకొని, ప్రక్క పొలమున మిక్కిలిగా త్రాగును. గంటల లెక్కను బాడుగ చెల్లించు రైతునకు ఈ భేదము రొక్కముగనే తెలియును గనుక, కారణములను కొంత వివరింప నెంచితిమి.

2 మీటర్ల వెడల్పు గల గొర్రు గంటకు 5 కిలోమీటర్ల వేగమున నడిచినచో, లెక్క ప్రకారము గంటలో రమారమి రెండున్నర ఎకరములు దున్నవలెను. కాని దున్నదు. గట్టు చేరినప్పుడెల్ల గొర్రు నెత్తి, బండిని త్రిప్పుకొనవలెను గదా! 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు గల పొలమును తీసికొందము. అది ఎకరమునకు ఇంచుక తక్కువ. నిలువుగా దున్నిన 20 సాళ్లు, 19 మలుపులు; అడ్డముగా దున్నిన 50 సాళ్లు, 49 మలుపులు. సాళ్లు తోలు కాలము రెంటను 24 నిమిషములే. మలుపునకు 15 సెకనుల చొప్పున మొదటి విధమున 5 నిమిషములకు లోపుగను, రెండవ విధమున 12 నిమిషములకు పైగను పోవును. ఆ మిగులు కాలమంతయు ఇంజను డీజిలు త్రాగుచునే యుండును. నేల మాత్రము అంగుళమైనను తెగదు.

ఇంతకంటె గూఢమైన నష్టము చక్రముల జారుడు. దీనిని కనిపెట్టుటకు సుద్దముక్కయు కొలతపట్టెయు చాలును. వెనుక చక్రముపై గీత గీసి, ఆ పొలముననే గొర్రు నెత్తి పది చుట్లు, దించి పది చుట్లు నడిపి దూరములు కొలువవలెను. మొదట 40 మీటర్లు, పిదప 34 మీటర్లు వచ్చెనేని, జారుడు నూటికి 15 వంతులు. అంతవరకు సహింపవచ్చును, మించినచో టైర్లును అరుగును, డీజిలును వ్యర్థమగును. చక్రములకు బరువులు కట్టుటయు, టైర్లలో నీరు నింపుటయు ఇందులకే. అయినను బరువు హెచ్చినచో నేల అణగిపోవును. నల్లరేగడిని పదును రాకముందే, జిగటగా నున్నప్పుడే దున్నబూనుట మా యభిప్రాయమున అన్నిటికంటె చెడ్డ బేరము.

రొటావేటరు సంగతి వేఱు. దాని కత్తులను ఇంజను ఇరుసుద్వారా త్రిప్పును గనుక, జారుడు స్వల్పము. శక్తి మాత్రము హెచ్చుగా పట్టును. అయితే గొర్రుతో రెండు మూడు మార్లు తోలిన పని అది తఱచుగా ఒక్కమారులోనే ముగించును. కావున గంటకు గాక, విత్తుటకు సిద్ధమైన ఎకరమునకు ఎంత ఖర్చయినదో పోల్చుట న్యాయము.

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున 1919లో చట్టము చేసి, 1920 మొదలు ట్రాక్టర్లను పరీక్షింపసాగిరి. మన దేశమున మధ్యప్రదేశ్‌లోని బుద్నీయందు అట్టి సంస్థ కలదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెయందును వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ యున్నది. అయినను ట్రాక్టరు లాగుడును గట్టి బాటపై పరీక్షింతురు. మన చేను అట్టి బాట కాదు. ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి యున్నది. సమతలమైన చోట ట్రాక్టరును నిలిపి, టాంకును మూతివరకు నింపి, ఎకరము దున్నిన పిమ్మట ఆ చోటనే నిలిపి, కొలపాత్రతో మరల మూతివరకు పోయవలెను. పోసినంతయే ఆ యెకరపు ఖర్చు. బండి ఏమాత్రము వాలుగా నిలిచినను లెక్క తప్పును.