తల్లిపాలు - తల్లి తీరిక

బిడ్డకు తల్లిపాలకంటె మేలైన ఆహారము లేదన్నచో కాదను తల్లి మన దేశమున ఎచ్చటను కానరాదు. అయినను ఆరు నెలలు నిండని బిడ్డలలో నూటికి 64 మందియే కేవలము చనుబాలతో పెరుగుచున్నారనియు, పుట్టిన గంటలోపల తల్లిపాలు నోచుకొన్నవారు నూటికి 42 మందియే యనియు 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే తెలుపుచున్నది. తక్కిన తల్లులకు ప్రేమ కొఱవడినదా? కాదు. కొఱవడినది తీరికయు, తోడ్పాటును అని మా అభిప్రాయము. కర్నూలు జిల్లా పడమటి భాగమునందలి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములను చూచిన ఈ సంగతి స్పష్టపడును.

మొదటి అడ్డంకి పురిటింటనే కలుగును. కాన్పయిన తొలి దినములలో ఊరు ముఱ్ఱుపాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉండుట చూచి, అవి బిడ్డకు అరుగవని పిండి పాఱబోయుట మన పెద్దలలో కొందఱి అలవాటు. వాటికి బదులు తేనెయో, పంచదార నీళ్లో, ఆముదమో, గాడిదపాలో నాలుకకు తగిలింతురు. ఇది బిడ్డమీది మక్కువతో చేయునదియే గాని, కీడు కలిగించునది. ముఱ్ఱుపాలు కొలతకు కొంచెమే యయినను రోగములను ఎదుర్కొను శక్తిని బిడ్డకు తొలుత ఇచ్చునవి అవియే. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రాణాపాయము కూడ తేవచ్చును.

రెండవ అడ్డంకి ఆసుపత్రిలో కలుగును. పై సర్వే ప్రకారము మన ఆంధ్రప్రదేశమున నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. కడుపు కోసిన తల్లి కదలలేదు. బిడ్డను ఆమె ప్రక్కకు చేర్చి పట్టుకొనువారు లేనిచో, పాలు పట్టుట ఆలస్యమగును. శస్త్రచికిత్స పాలను ఆపదు. తోడు లేమియే ఆపును.

ఇక ఎండకాలము వచ్చినప్పటి భయము. ఆదోని ఎండలలో బిడ్డ గొంతు ఎండిపోవునని చెంచాతో నీళ్లు పోయుదురు. చనుబాలలో నూటికి 88 పాళ్లు నీరే. దప్పి కలిగిన బిడ్డను మాటిమాటికి రొమ్మునకు చేర్చినచో చాలును. వైద్యుడు చెప్పిన మందు తప్ప ఆరు నెలలవఱకు మఱి యేదియు వలదు. ఆరు నెలలు నిండిన పిదప మెత్తని యాహారము మొదలిడి, చనుబాలను రెండేండ్లవఱకును, అంతకు మించియు ఇయ్యవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

అన్నిటికంటె ఎక్కువ చెఱుపు చేయునది “నీకు పాలు చాలవు” అను మాట. బిడ్డ చీకినకొలది తల్లి మెదడునుండి ప్రొలాక్టిన్ అను ద్రవ్యము వెలువడి పాలను ఊరించును. ఆక్సిటోసిన్ అను మఱియొకటి వాటిని దించును. బిడ్డ ఏడ్చినంతనే పాలసీసా అందించినచో బిడ్డ చీకుట తగ్గును, ఊరుటయు తగ్గును, తుదకు ఆ మాటయే నిజమగును. తొలి వారము గడచిన బిడ్డ దినమునకు ఆఱుసార్లు, అంతకు మించి ఒంటికి పోయుచు, బరువు పెరుగుచున్నచో పాలు చాలుచున్నవని తెలిసికొనవలయును. సందేహమున్నచో వైద్యునికో, ఆశా కార్యకర్తకో చూపవలయును గాని, డబ్బాపాలను తలపెట్టరాదు. ఆ పాలకును సీసాలకును ప్రకటనలు చేయుట 1992 నాటి చట్టముచే నిషిద్ధము.

ఇంతవఱకు చెప్పినవి తెలివిడితో తీరునవి. ఇక తెలివి ఎంత ఉన్నను తీరని చిక్కు ఒకటి గలదు. అది కూలి.

1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేతవారి సహకార సంఘము వెలసిన ఎమ్మిగనూరున, నేతయింటి తల్లి కండెలు చుట్టుచు ఇంటనే ఉండును. ఉయ్యాల మగ్గము ప్రక్కనే. పని నిలిచినచో కూలి తగ్గినను, బిడ్డ మాత్రము చేతికందు దూరమున నుండును. పొలము పనికి పోవు తల్లికి ఆ భాగ్యము లేదు. ఈ సీమ వర్షాధారము. ప్రత్తియు వేరుశనగయు తీసిన పిదప చేయుటకు పని దొరకదు. అప్పుడు పల్లెలకు పల్లెలే యిండ్లకు తాళములు వేసి గుంటూరు ప్రాంతపు మిరపకోతలకు తరలిపోవును. దీనినే అచ్చటివారు సుగ్గికి పోవుట అందురు. బాలింతయు పోవును; చంటిబిడ్డయు పోవును.

కిలోల లెక్కన కూలి యిచ్చుచోట, గట్టుమీది బిడ్డకు పాలిచ్చుటకై తల్లి వచ్చిన ప్రతిసారి కూలిలో కొంత పోవును. మిరప ఘాటు చేతులకును చీరకును అంటుకొని యుండును. చక్కగా కడుగుకొననిచో బిడ్డ మోము మండును. కడుగుటకు నీరు దూరము. బిడ్డను ఆడించుటకు బడి మాన్పించి వెంట తెచ్చిన పెద్దపిల్ల కొన్నియెడల ఉండును. ఆ పిల్ల చెంచాడు నీళ్లతోనో, బిస్కత్తు తడిపియో ఏడ్పు మాన్పును. ఒక బిడ్డ పాలును, మఱియొక బిడ్డ చదువును ఇట్లు ఒకేసారి పోవుచున్నవి. ఆ తల్లిని అజ్ఞానురాలనుట న్యాయమా?

కొలువులు చేయు స్త్రీలకు 2017 నాటి సవరణతో 26 వారముల జీతపు సెలవును, 50 మందికి తక్కువగాక పనిచేయు చోట శిశుగృహమును ఏర్పఱచిరి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఆ హక్కు నిలిచినది. కాని మిరపచేనిలో సెలవు ఎవరిత్తురు? మాతృవందన యోజన క్రింద తొలికాన్పునకు దొరకు 5000 రూపాయలు ఆరు నెలల కూలికి సాటిరావు. కావున పనిచోట నీడయు, నీళ్లును, బిడ్డలను చూచుటకు ఒక పెద్దామెయు ఉండవలయునని మేము అడుగుచున్నాము. పొలము గల ఇల్లాండ్రు ఈ పత్రిక చదువువారిలో ఉన్నచో, ఇది వారి చేతిలోని పనియే.

మన యిండ్లలో చేయదగినవియు కలవు. కోడలి చేతినుండి చీపురును, బిందెను కొన్ని నెలలు మనము అందుకొందము. బాలింతకు మామూలుకంటె సుమారు 600 కాలరీల ఆహారము ఎక్కువ కావలయును. పథ్యమని ఆమె కడుపు మాడ్చక జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పాలు తృప్తిగా పెట్టుదము. రాత్రివేళ బిడ్డను ఎత్తుకొనుట మగవారికిని నేర్పుదము. మన యింటికి పనికి వచ్చు బాలింతను కూలి కోయక, బిడ్డతో రమ్మందము.

తప్పనిసరిగా ఎడబాయవలసిన తల్లి, చేతులు కడిగికొని, కాచిన గిన్నెలోనికి పాలు పిండి మూతవేసి పోవచ్చును. 25 డిగ్రీల చల్లదనమున అవి నాలుగు గంటలు నిలుచును. మన వేసవిలో అంతసేపు ఉంచరాదు. వాటిని సీసాతో గాక, మన నాయనమ్మల నాటి ఉగ్గుగిన్నెతో పట్టవలయును. ఆ గిన్నెలోని ఉగ్గు పోయినను, గిన్నె మాత్రము నేటికిని పనికివచ్చును.

సోదరీమణులారా! పాలు తల్లి యిచ్చును. ఆమెకు ప్రక్కన కూర్చుండు తీరికను ఇయ్యవలసినవారము మనము.