యజమాని ఎవరు?

వరంగల్‌లో తెల్లవారకముందే వీధులూడ్చేవారిలో అత్యధికులు దళితులే. వారిలో ఒకరు పనిలో మరణిస్తే మొదట వినిపించే వాదన: 'అతడు మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి.' కులం అంటగట్టిన పనికి యజమాని లేకుండా చేసే వాదనగానే దీన్ని నేను చూస్తాను.

1923 నాటి పరిహార చట్టం ఈ సాకుకు తావివ్వలేదు. స్థానిక సంస్థల విధులను వాటి వ్యాపారంగానే పరిగణించింది. 12వ సెక్షన్ కింద అసలు యజమానే ముందు చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలంది. పరిహారం డిపాజిట్ చేయనిదే యజమాని అప్పీలుకు వెళ్లరాదని 30వ సెక్షన్ షరతు పెట్టింది. అయితే 2017లో తొలగించేదాకా, అప్పీలు తేలే వరకు ఆ సొమ్మును ఆపే వీలును 30-ఎ కల్పించింది.

చెల్లింపు బాధ్యత ప్రమాదం జరిగిన రోజే మొదలవుతుందని 1975లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కనుక అప్పీలు స్వీకరించిన రోజే హైకోర్టు ఆ సొమ్ములో కొంతైనా కుటుంబానికి విడుదల చేయాలి. తీర్పు వచ్చేదాకా ఆకలి ఆగదు.