ఒకే తీగ, వేర్వేరు శాఖలు

ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను... ఈ మూడింటినీ అప్పట్లో నెలకు 149 రూపాయలకే అందించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌గ్రిడ్ తొలిదశను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నేల త్రవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగడంతో ఖర్చు తగ్గింది. మెచ్చదగిన ఉపాయమే!

అయితే ఆ తీగ తెగితే మూడూ ఒకేసారి మూగబోతాయి. బ్రతుకుదెరువుకై బిడ్డలు దూరప్రాంతాలకు తరలిపోయే వెలిగండ్ల వంటి మెట్టసీమలో, తల్లికి అది వినోదం ఆగిపోవడం కాదు, కుమారుని గొంతు వినబడకపోవడం. ఆమె ఎవరికి మొరపెట్టుకోవాలి?

టెలిఫోనుకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, కేబుల్ టీవీకి 1995 నాటి చట్టం ఉండగా, అన్నిటికీ ఒకే కమిషన్‌ను నెలకొల్పేందుకు కేంద్రం 2001లో లోక్‌సభలో కమ్యూనికేషన్ కన్వర్జెన్స్ బిల్లును ప్రవేశపెట్టింది. 2004లో సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా టీవీ ప్రసారాల వ్యవహారాన్ని సమాచార, ప్రసార శాఖకే విడిచిపెట్టింది. తీగలను కలిపినంత సులువుగా ప్రభుత్వాలు తమ శాఖలను కలుపుకోవు మరి.

శాఖల విలీనం జరిగేదాకా ప్రజలు వేచివుండాలనడం న్యాయం కాదని మా అభిప్రాయం. మూడు సేవలకూ కలిపి మండల కేంద్రంలో ఒకే ఫిర్యాదుల విభాగం, మరమ్మతుకు నిర్ణీత గడువు ఏర్పరచాలని మేము కోరుతున్నాము.