దూరపు లెన్సు, దృఢమైన ముక్కాలి

నేలపట్టు పక్షుల కేంద్రమున నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచు గూడబాతులను, వాటి కే బెదురును కలిగింపక, చెరువు గట్టుననే నిలిచి ఛాయాచిత్రము తీయగోరు వాడు 600 మి.మీ. నాభ్యంతరము గల పెద్ద టెలిఫోటో లెన్సు నాశ్రయింపక తప్పదు. అట్టి లెన్సు పూర్ణఫ్రేము కెమెరాపై 50 మీటర్ల దూరమున 3 మీటర్ల వెడల్పు గల దృశ్యమును మాత్రమే చూపును. సెన్సారు 45 మెగాపిక్సెళ్లదైనచో, లెన్సు ఒక డిగ్రీలో 2000వ వంతుకంటె తక్కువగా కదలినను బొమ్మ ఒక పిక్సెలు మేర జరిగిపోవును. కంటికి గాని చేతికి గాని తెలియని ఈ సూక్ష్మచలనమే ఈకల అంచులను అలికివేయును.

కనుకనే ట్రైపాడు నెంచుకొనువాడు మొట్టమొదట గ్రహింపవలసినది, అది ఎన్ని కిలోలు మోయుననుట కంటె, మెలి తిప్పినపుడు ఎంతవరకు లొంగక నిలుచుననుటయే ప్రధానమని. పెట్టెలపై ముద్రించిన భారపరిమితులకు తయారీదారు లందరును పాటించు ఒకే ప్రమాణము లేదు. ఇక లెన్సులు నానాటికి తేలికయగుచున్నవి: కెనాన్ సంస్థ 1999లో వెలువరించిన 600 మి.మీ. ఎఫ్/4 లెన్సు 5 కిలోలకు మించి తూగగా, అదే సంస్థ 2021లో తెచ్చినది సుమారు 3 కిలోలే. దీనిని చూచి సన్నని ట్రైపాడు చాలునని తలచుట పొరపాటు. లెన్సు తేలికయైనను దాని దృష్టికోణము విస్తరింపలేదు, పైగా జడత్వము తగ్గినందున గాలి విసురునకు, వ్రేలి తాకిడికి అది మరింత త్వరగా చలించును.

దృఢత్వమునకు మూలము కాలి గొట్టపు వ్యాసము. గోడ మందము సమానమైనపుడు గొట్టము వంగకుండు శక్తి ఇంచుమించు వ్యాసము యొక్క ఘనమును బట్టి పెరుగును గనుక, 24 మి.మీ. గొట్టము కంటె 32 మి.మీ. గొట్టము రెండింతలకు మించి బిగువుగా నిలుచును. పొడవు రెట్టింపైనచో వంపు ఎనిమిది రెట్లగును. భాగములు పెరిగిన కొలది క్రిందివి సన్నబడును గాన, నాలుగైదు భాగముల కాళ్ల కంటె మూడు భాగముల కాళ్లు మేలు. క్రిందిభాగము లన్నింటను సన్ననివి గాన వాటిని చివరగా చాపవలెను. నడుమ పైకి లేచు సెంటర్ కాలమ్ ఒంటికాలి వంటిదే. భారపు లెన్సునకు అది లేని ట్రైపాడే ఉత్తమము. కాళ్లతోనే కంటి యెత్తునకు చేరి, ఏటవాలు గట్టుమీద ఒక కాలిని దిగువకు చాపుటకు మరికొంత మిగిలియుండవలెను. గిట్జో సంస్థ 1994లో ప్రవేశపెట్టిన కార్బన్ ఫైబర్ కాళ్లు అల్యూమినియము కంటె తేలిక. కంపనమును త్వరగా అణచును. వెల మాత్రము అధికము.

కాళ్లపై నమర్చు హెడ్డు విషయమున సమస్య వేరు: ఇచట నిశ్చలతతో పాటు స్వేచ్ఛయు కావలెను. బాల్ హెడ్డున లెన్సు భారమంతయు గోళమునకు పైననే యుండుటచే, బిగింపు కొంచెము సడలినంతనే లెన్సు ప్రక్కకు ఒరిగిపడును. వ్రేళ్లు నలుగవచ్చును, ఒక్కొక్కప్పుడు ట్రైపాడే పడిపోవచ్చును. గింబల్ హెడ్డు ఈ బాధను నివారించుటకే పుట్టినది. దీని తయారీలో అమెరికాకు చెందిన వింబర్లీ పేరు ప్రసిద్ధము. లెన్సు పాదమును క్లాంపులో ముందునకు వెనుకకు జరిపి సమతూకమును సాధించి, పిమ్మట ఎత్తును సవరించి గురుత్వకేంద్రము ఇరుసుతో ఏకీభవించునట్లు చేసినచో, లెన్సును ఏ దిక్కునకు త్రిప్పి విడిచినను అది అచటనే నిలిచిపోవును. ఎగురు కొంగ వెంట దానిని నడుపుటకు రెండు వ్రేళ్లు చాలును. కెమెరా మార్చినను, కన్వర్టరు తగిలించినను ఈ తూకమును తిరిగి సరిచూడవలెను.

వీడియో తీయువారికి ఫ్లూయిడ్ హెడ్డు శ్రేష్ఠము. అందలి జిగట ద్రవము కదలికను మృదువుగ నొనర్చును. ఏ హెడ్డైనను ఆర్కా-స్విస్ తరహా ప్లేటును స్వీకరించునదై, ప్లేటు జారిపోకుండ చివరల ఆపుమరలు కలదై యుండుట మంచిది. హెడ్డు క్రింద లెవెలింగ్ బేస్ ఉన్నచో, ఎగుడుదిగుడు నేలపై కాళ్లను సవరించు శ్రమ తప్పి, లెన్సును ప్రక్కలకు త్రిప్పినపుడు దిగంతరేఖ వాలదు.

పులుల అభయారణ్యములందు జీపు దిగుటకు అనుమతి యుండదు గాన అచట ఈ ముక్కాలి పనికిరాదు. వాహనపు అంచున పరచిన గింజల సంచియే శరణ్యము. గట్టులపైన, కావలి గోపురములపైన గంటల కొలది వేచియుండువారికే ఈ ఆలోచన యంతయు.

కెమెరాకు లక్షలు వెచ్చించి, మిగిలిన సొమ్ముతో ట్రైపాడు కొను అలవాటు నాకెన్నడును సమంజసముగా తోచదు. అంగడిలోనే మీ లెన్సును బిగించి, కెమెరా తెరపై దూరపు అక్షరము నొకదానిని గరిష్ఠముగా పెద్దదిచేసి చూచుచు, లెన్సు కొనను వ్రేలితో మెల్లగ తట్టుడు. వణకు వెంటనే అణగినచో ఆ కాళ్లను తీసికొనవచ్చును. రెండు మూడు క్షణములు సాగినచో, దానికంటె లావైన గొట్టముల ట్రైపాడు నడుగుడు.