ఒక్క సీను చాలు... ఆ పంతులమ్మకి!

నటన నేర్పితే వస్తుందా, పుట్టుకతో రావాలా? సినిమా పిచ్చి ఉన్న కుర్రకారు నలుగురు ఒకచోట చేరితే ఈ ప్రశ్న రాక మానదు. ‘రజనీకాంత్, చిరంజీవి మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవాళ్ళే కదా! నేర్చుకుంటేనే వస్తుంది’ అంటాడొకడు. ‘మరి సావిత్రి ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిందోయ్?’ అని ఇంకొకడు ఎదురు ప్రశ్న వేస్తాడు. వాదన తెగదు. టీ మాత్రం చల్లారిపోతుంది.

ఈ వాదన వచ్చినప్పుడల్లా నేనొక ముసలావిడని సాక్ష్యానికి పిలుస్తుంటాను. పేరు మరియా ఉస్పెన్‌స్కయా. పేరు పలకడానికి నాలుక మడతపడుతోందా? ఫరవాలేదు, రెండుసార్లు అంటే అలవాటైపోతుంది! మనిషి పొట్టి. గాలి వీస్తే ఎగిరిపోతుందా అన్నంత బక్కపలచన. ఒక కంటికి ఒంటి కళ్ళద్దం. హాలీవుడ్ గుమ్మం తొక్కేనాటికి ఆవిడ వయసు దాదాపు అరవై! గ్లామర్ అనే మాటకి ఆమడ దూరం. అయినా రెండుసార్లు ఆస్కార్ నామినేషన్ అందుకుంది. రెండూ నిమిషాల మీద లెక్కపెట్టదగ్గ పాత్రలకే!

పాటతో మొదలై...

ఆవిడ 1876లో రష్యాలోని తూలా పట్నంలో పుట్టింది. మొదట మోజు సంగీతం మీద. వార్సాలో పాట నేర్చుకుంది. ఆ దారి ముందుకు సాగక నటనవైపు మళ్ళి, ఊరూరా తిరిగే నాటక కంపెనీలలో కొన్నేళ్ళు వేషాలు కట్టింది. మన సురభి వాళ్ళ కష్టసుఖాలు తెలిసినవారికి ఆ బతుకు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చివరికి 1911లో మాస్కో ఆర్ట్ థియేటర్‌లో చేరింది. అప్పటికి ముప్పై అయిదేళ్ళు!

అక్కడ గురువు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ స్టానిస్లావ్‌స్కీ. అంతకు ముందు స్టేజీ నటన అంటే గొంతు చించుకోవడం, గుండెలు బాదుకోవడం. ‘ఏడుపు నటించకు. ఏడుపు ఎందుకొస్తుందో అది నీలో పుట్టించు’ అన్న దారి చూపించినవాడాయన. ఆ కొత్త పద్ధతికి ప్రయోగశాలగా 1912లో పెట్టిన ఫస్ట్ స్టూడియోలో ఉస్పెన్‌స్కయా కూడా ఉంది.

1923లో ఆ కంపెనీ అమెరికా వెళ్ళి నాటకాలు వేసింది. భాష ఒక్క ముక్క అర్థం కాకపోయినా న్యూయార్క్ జనం విరగబడి చూశారు. ఆ పర్యటనలు ముగిశాక కంపెనీ రష్యా వెళ్ళిపోయింది. ఉస్పెన్‌స్కయా మాత్రం వెళ్ళలేదు. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, పరాయి దేశంలో, రాని భాషలో కొత్త బతుకు మొదలుపెట్టింది.

చెయ్యి ఖాళీ... కాఫీ వేడి!

అప్పటికే మాస్కో నుంచి వచ్చి అక్కడ ఉంటున్న రిచర్డ్ బొలెస్లావ్‌స్కీ ‘అమెరికన్ లాబరేటరీ థియేటర్’ పెట్టాడు. ఆయన సిద్ధాంతం చెప్పేవాడు. ఆవిడ దాన్ని విద్యార్థుల చేత చేయించేది. అసలు చెమట పట్టేది ఈవిడ క్లాసులోనే!

ఏం చేయించేది? మొదటిది ఏకాగ్రత. తరవాత ఇంద్రియాల జ్ఞాపకం. మన భాషలో చెప్పాలంటే, చేతిలో ఏమీ లేకుండా వేడి వేడి కాఫీ గ్లాసు పట్టుకోవాలి. వేలు చుర్రుమనాలి, అంచు ఎక్కడ పట్టుకోవాలో వేళ్ళు వెతుక్కోవాలి, ఆవిరి ముక్కుకి తగలాలి. ఒక్క క్షణం మరిచిపోయి పిడికిలి బిగించారా... గ్లాసు మాయం! చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఇంకోటి జంతువుల అభ్యాసం. పిల్లినో కోతినో గంటల తరబడి గమనించాలి. మ్యావ్ అనడం కాదండోయ్! అది ఎలా నిలబడుతుంది, చప్పుడు వింటే ఒళ్ళు ఎలా బిగుస్తుంది, బరువు ఏ కాలు మీద వేస్తుంది అన్నది ఒంట్లోకి తెచ్చుకోవాలి. ఆ తరవాత జంతువుని వదిలేసి ఆ నడకని మాత్రం ఓ మనిషి పాత్రకి ఇవ్వాలి.

1920ల మధ్యలో ఆ క్లాసులకొచ్చిన కుర్రకారులో ఒకడు లీ స్ట్రాస్‌బర్గ్, ఒకమ్మాయి స్టెల్లా ఆడ్లర్. తరవాతి రోజుల్లో ఇద్దరూ మహా గురువులైపోయారు. మార్లన్ బ్రాండో స్టెల్లా ఆడ్లర్ శిష్యుడు. మార్లిన్ మన్రో స్ట్రాస్‌బర్గ్ దగ్గర పాఠాలు నేర్చుకుంది. 1974లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం చూశారా? అందులో హైమన్ రోత్‌గా వేసిన పెద్దాయన స్ట్రాస్‌బర్గే. అదే సినిమాకి సహాయ నటుడిగా ఆస్కార్ కొట్టిన రాబర్ట్ డి నీరో స్టెల్లా ఆడ్లర్ దగ్గర చదువుకున్నవాడు. ఆ ఏడు సహాయ నటుల పోటీలో ఇద్దరూ ఉన్నారు. ఒకరు మన పంతులమ్మకి శిష్యుడు, ఇంకొకరు ప్రశిష్యుడన్న మాట!

ఆ గాలి మన దేశానికీ తగిలింది. స్ట్రాస్‌బర్గ్, మరో ఇద్దరు కలిసి 1931లో గ్రూప్ థియేటర్ పెట్టారు. స్టెల్లా ఆడ్లర్‌తో పాటు అందులో పనిచేసిన శాన్‌ఫర్డ్ మైస్నర్ కూడా పెద్ద గురువయ్యాడు. ఆయన దగ్గర చదివి వచ్చిన రోషన్ తనేజా పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో జయభాదురికి, షబనా ఆజ్మీకి, నసీరుద్దీన్ షాకి నటన నేర్పాడు. 2019లో కన్నుమూసేదాకా ఆయనకి పాఠమే లోకం.

స్కూలు కోసం సినిమా

ఉస్పెన్‌స్కయా 1929లో న్యూయార్క్‌లో సొంతంగా నటన పాఠశాల తెరిచింది. పాఠాలు బ్రహ్మాండం... పెట్టె మాత్రం ఖాళీ! ఆ స్కూలు నిలబెట్టుకోవడానికే ఆవిడ సినిమా వేషాలకి ఒప్పుకుంది. చాలామంది సినిమాల్లో అవకాశాలు తగ్గాక స్కూలు పెడతారు. ఈవిడది తలకిందుల కథ!

తొలి హాలీవుడ్ చిత్రం విలియమ్ వైలర్ తీసిన ‘డాడ్స్‌వర్త్’ (1936). నాటకంగా ఆడినప్పుడు వేసిన పాత్రనే తెర మీదా వేసింది. ఉన్నది ఒకే ఒక్క సీను. కొడుకు తనకంటే పెద్దదైన, ఇంకా విడాకులు కూడా కాని ఆవిణ్ణి చేసుకుంటానంటాడు. తల్లి చూడడానికి వస్తుంది. మన సినిమాలో అయితే ఇక్కడ సూర్యకాంతం ఇల్లు పీకి పందిరేసేది! ఈవిడ గొంతు పెంచదు. నింపాదిగా కూర్చుని ఒక్కో మాటా అడుగుతుంది. కుర్ర మొగుడికి ముసలి పెళ్ళాంగా ఎన్నాళ్ళు సుఖంగా ఉంటావని అడిగినప్పుడు ఆ కళ్ళలో కోపం లేదు, జాలి ఉంది. అదే కత్తికంటే లోతుగా దిగుతుంది. ఆ సీను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ ఆవిణ్ణి వదిలేసి ఎదుటి నాయిక ముఖం చూడాలనుకుంటాను. చూపు మళ్ళదే!

సహాయ నటులకి ఆస్కార్ ఇవ్వడం ఆ ఏటి సినిమాలతోనే మొదలైంది. ఆ తొలి నామినేషన్లలోనే ఆవిడ పేరుంది. రెండోది ‘లవ్ ఎఫైర్’ (1939)లో హీరో నాయనమ్మ పాత్రకి. ఆ ఏడు బహుమతి ‘గాన్ విత్ ద విండ్’ నటి హ్యాటీ మెక్‌డేనియల్‌ది. ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి నటి ఆవిడే. ‘లవ్ ఎఫైర్’ కథే 1957లో ‘యాన్ ఎఫైర్ టు రిమెంబర్’ అయి, 1999లో ఆమిర్‌ఖాన్ ‘మన్’ దాకా వచ్చింది. అందులో షర్మిలా టాగోర్ వేసిన పెద్దావిడ పాత్రకి మూలం మన పంతులమ్మే!

ఆవిడ మహారాణి కూడా అయింది. ‘ది రెయిన్స్ కేమ్’ (1939)లో రాంచీపూర్ అనే ఊహా సంస్థానానికి మహారాణి. హాలీవుడ్ వాళ్ళకి అప్పట్లో భారతీయ పాత్రలకి తెల్లవాళ్ళే దొరికేవారు లెండి. ఉన్నది ఒక్క రష్యన్ యాస. దానితోనే ఆస్ట్రియా జమీందారిణి, ఇండియా మహారాణి, వేల్స్‌లో జిప్సీ అన్నీ అయిపోయింది. ‘వాటర్లూ బ్రిడ్జ్’ (1940)లో వివియన్ లీని కంపెనీలోంచి వెళ్ళగొట్టే డాన్సు గురువు కూడా ఆవిడే.

జనం బాగా గుర్తుపెట్టుకున్నది మాత్రం ఓ దయ్యాల సినిమా! ‘ది వుల్ఫ్ మ్యాన్’ (1941)లో మలీవా అనే జిప్సీ ముసలమ్మ. కొడుకుగా వేసిన బేలా లుగోసీ నిజానికి ఆవిడకంటే ఆరేళ్ళే చిన్న! అందరూ తోడేలు వేషం చూసి జడుసుకుంటారు. నన్ను కదిలించింది మాత్రం శవం పక్కన నిలబడి ఆవిడ చెప్పే నాలుగు మాటలు. చౌకరకం భయాల మధ్య ఆవిడ ఒక్కతే నిజంగా కొడుకు పోయిన తల్లిలా ఉంది. అది చిన్న సినిమా అనుకుని ఒక్క పిసరు తగ్గించి చెయ్యలేదు.

1949 చివరలో చేతిలో సిగరెట్‌తో నిద్రపోయింది. పక్క అంటుకుంది. ఆ కాలిన గాయాలతో, పక్షవాతంతో డిసెంబరు 3న కన్నుమూసింది. వయసు డెబ్భై మూడు. ఆ ఏడు కూడా ఆవిడ సినిమా ఒకటి విడుదలైంది.

ఇంతకీ నటన నేర్పితే వస్తుందా? ఆవిడ జీవితాన్ని బట్టి నాకు తోచింది ఒకటే. ముఖం, వయసు, ఎత్తు, యాస ఎవరూ నేర్పలేరు. అవేవీ ఆవిడకి అనుకూలంగా లేవు కూడా. నేర్పగలిగిందల్లా ఎదుటివాణ్ణి నిజంగా చూడడం, నిజంగా వినడం. ఆ రెండూ వస్తే అయిదు నిమిషాలైనా చాలు. ‘డాడ్స్‌వర్త్’ దొరికితే చూడండి. ఆ ఒక్క సీను అయ్యాక ఆపి, మళ్ళీ వెనక్కి వేసుకుని, ఈసారి శబ్దం లేకుండా చూడండి. మాటలు లేకపోయినా ఆవిడేం అంటోందో మీకే వినపడుతుంది!