నక్క ముందే ఎందుకు మూలుగుతోంది?

ఏ దేశం ఆర్థికంగా కుప్పకూలినా మన నోట రెండు సామెతలు వస్తాయి. ఒకటి ‘అప్పు చేసి పప్పు కూడు’. రెండోది ‘మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు’. మొదటిది తప్పంతా అప్పు చేసినవాడిదే అంటుంది, రెండోది తలరాత అంటుంది. 2022లో శ్రీలంక సంక్షోభానికి ఈ రెండూ వాడాం. మరి తప్పెవరిది?

ముందు తాటికాయ సంగతి చూద్దాం. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాటి పేలుళ్లు, మరుసటి ఏడాది కోవిడ్ పర్యాటకాన్ని దెబ్బతీశాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో చమురు ధర పెరిగింది. వచ్చే డాలర్లు తగ్గాయి, పోయేవి పెరిగాయి. ఆ ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి విదేశీ అప్పు సుమారు 5,100 కోట్ల డాలర్లు.

అయితే కోవిడ్ అన్ని దేశాల మీదా పడింది. ఈ నక్క ముందే ఎందుకు మూలుగుతోంది? 2019 చివర్లో కొత్త ప్రభుత్వం వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించింది. ఖజానా రాబడి పడిపోయింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించడంతో పంటలు దెబ్బతిన్నాయి. కొన్ని నెలలకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

‘చైనా అప్పుల ఉచ్చు’ అన్న మాట కూడా బాగా వినిపించింది. హంబన్‌తోట రేవును 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చిన మాట నిజమే. కానీ విదేశీ అప్పులో పెద్ద వాటా చైనాది కాదు, అంతర్జాతీయ మార్కెట్‌లో అమ్మిన బాండ్లది.

2023 నవంబరులో శ్రీలంక సుప్రీంకోర్టు ఈ సంక్షోభానికి బాధ్యుల పేర్లు చెప్పింది. గొటబాయ, మహింద, బసిల్ రాజపక్సలతో పాటు సెంట్రల్ బ్యాంకు మాజీ గవర్నర్లు ప్రజల నమ్మకాన్ని వమ్ము చేశారని తీర్పునిచ్చింది.

ఇక పప్పు కూడు తిన్నదెవరు? 2024 జనవరి నుంచి అక్కడ వ్యాట్ 18 శాతం. అంటే తగ్గించక ముందున్న దానికంటే ఎక్కువ. వంటగ్యాస్ కోసం రోజుల తరబడి క్యూ కట్టినవాళ్లే ఇప్పుడు ఆ పన్నూ కడుతున్నారు. సామెతలో అప్పు చేసినవాడూ తిన్నవాడూ ఒక్కడే. దేశం విషయంలో అలా ఉండదు.

ఆ రోజుల్లో ‘మన రాష్ట్రమూ మరో శ్రీలంక అవుతుంది’ అన్న మాట ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో చాలాసార్లు విన్నాం. రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు దేశం లోపలే అప్పు తేవాలి. కాబట్టి డాలర్లు అయిపోయి రాష్ట్రం కూలిపోవడం ఉండదు. అలాగని నిశ్చింతగా ఉండాల్సిన పనీ లేదు. వడ్డీల భారం పెరిగితే బిల్లులు ఆగుతాయి, బడికి, ఆస్పత్రికి ఇచ్చే డబ్బు తగ్గుతుంది. అందుకే ఈసారి అప్పు ఎంత అని అడిగినప్పుడు, అది దేనికి తెచ్చారు, ఎవరు తీరుస్తారు అని కూడా అడగాలి.