ఆగి ఆగి... సాగే మారుతి!

రోడ్డు ఖాళీగా ఉంటే గుర్రంలా పరుగెడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగిందా... అంతే సంగతులు! పాత మారుతి 800 ఉన్న ఇళ్లలో ఇది తెలిసిన భాగోతమే. అసలు జబ్బు ఎక్కడుంది? మందు ఏమిటి? అల్వాల్‌లోని ఓ పాత మెకానిక్ షెడ్డులో దొరికిన సమాధానాలివి.

సాయంత్రం ఆరు గంటలు. లోతుకుంట దగ్గర ట్రాఫిక్ చీమలబారులా కదులుతోంది. మా నాన్నగారి 1996 మోడల్ మారుతి 800 ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. వెనక బస్సు హారన్, పక్కన ఆటోవాలా చూపులు. నాన్నగారు దిగి బండి తోస్తుంటే ఆయన వయసు గుర్తొచ్చి గుండె చివుక్కుమంది. అంతకు వారం ముందే ఓ మెకానిక్ తేల్చి చెప్పేశాడు... ‘కార్బొరేటర్ పోయింది, కొత్తది వేయాల్సిందే’ అని. ఖర్చు వేలల్లో! దానికి తోడు రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గరపడింది. ‘తుక్కుకి ఇచ్చేద్దాం’ అన్నది ఇంట్లో అందరి మాట. ‘ఇంకొక్కరికి చూపిస్తా’ అన్నది నాన్నగారి మాట.

అలా చేరాం పాత అల్వాల్‌లోని ఆ చిన్న షెడ్డుకి. అక్కడి పెద్దాయనను అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన పానా పట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

‘‘శామీర్‌పేట దాకా పోతే ఆగుతదా సార్?’’

‘‘లేదు భాయ్, అక్కడికి బ్రహ్మాండంగా వెళ్తుంది.’’

‘‘కాలు తీస్తేనే ఆగుతదన్నట్టు. సగం రోగం దొరికింది సార్!’’

ఫ్లిట్ పంపు గుర్తుందా?

ఆ ధీమా అర్థం కావాలంటే కార్బొరేటర్ కథ కాస్త తెలియాలి. వెనకటికి దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు చూశారుగా! గాలి వేగంగా పోతుంటే కింది డబ్బాలోని మందు పైకొచ్చి తుంపరలవుతుంది. కార్బొరేటర్ పని కూడా అదే. ఇంజిన్ పీల్చే గాలి ఇరుకు గొంతులోంచి వెళ్లేటప్పుడు వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. దాంతో పక్క గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా వచ్చి గాలిలో కలుస్తుంది.

అయితే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఆ ఇరుకు గొంతులో గాలి చాలదు. అందుకే స్లో జెట్ అనే సన్నని దారి వేరే ఉంటుంది. బండి వేగంగా బాగా వెళ్తూ, కాలు తీయగానే ఆగిపోతోందంటే అనుమానం మొదట ఆ దారి మీదకే వెళ్లాలి. అదే పైకెక్కేటప్పుడు, వేగం అందుకునేటప్పుడు గుంజుతుంటే పెట్రోలు ఫిల్టరు, పంపు, మెయిన్ జెట్ చూడాలి.

‘టక్’ అనలేదు!

భాయ్ బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఒక్క మెట్టు తిప్పమన్నాడు. చెవి దగ్గర పెట్టి విన్నాడు. ‘‘టక్ అనాలె సార్, అంటలేదు’’ అన్నాడు. కార్బొరేటర్‌కు బిగించిన సోలెనాయిడ్ గురించి ఆయన చెబుతున్నది. తాళం తిప్పగానే అది స్లో జెట్‌కు పెట్రోలు దారి తెరుస్తుంది. తాళం తీయగానే మూస్తుంది. మా బండిలో దానికి వచ్చే వైరు సాకెట్టు పచ్చగా చిలుం పట్టి ఉంది! ఉప్పు కాగితంతో గీకి బిగించగానే... టక్! ‘‘కార్బొరేటర్‌ది తప్పు లేదు సార్. దానికి కరెంటే అందుతలేదు’’ అని నవ్వాడు.

కొత్త కార్బొరేటర్ వేసినా అదే వైరు కదా తగిలించేది!

వరస తప్పితే ఖర్చే

పాత బళ్లకు వైద్యం చేసేటప్పుడు వరస ముఖ్యమంటాడు భాయ్. ముందు కరెంటు, తర్వాత గాలి, ఆఖరున పెట్రోలు.

ప్లగ్గు: విప్పి చూస్తే బండి జాతకం చెబుతుంది. లేత గోధుమరంగు ఆరోగ్యం. నల్లటి మసి అయితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే తక్కువ. నూనె జిడ్డు ఉంటే ఇంజిన్ లోపలి అరుగుదల చూడాల్సిందే.

డిస్ట్రిబ్యూటర్: మూతకు సన్నని పగుళ్లున్నా వానాకాలంలో బండి మొరాయిస్తుంది. ప్లగ్గు వైర్లూ చూడాలి. మరీ పాత మోడళ్లలో పాయింట్ల అరుగుదల కూడా చూడాలి.

గాలి: ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు తాగేస్తుంది. కార్బొరేటర్ కింది గ్యాస్కెట్, వాక్యూమ్ గొట్టాలు చిట్లితే దొంగ గాలి చొరబడి ఐడిలింగ్ నిలవదు.

జెట్లు: మూసుకుపోతే గాలి కొట్టి శుభ్రం చేయాలి. తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి రంధ్రం పెద్దదైతే మైలేజీకి నీళ్లొదులుకోవాల్సిందే.

మరి ఐడిలింగ్ స్క్రూలు? అవి అన్నిటికన్నా ఆఖరున. అదీ ఇంజిన్ బాగా వేడెక్కాకే. ముందే వాటిని తిప్పితే అసలు జబ్బు దాక్కుంటుంది.

కొత్త పెట్రోలు... పాత గొట్టాలు

భాయ్ అంతటితో వదల్లేదు. పెట్రోలు గొట్టం వంచి చూపించాడు. అంతా సన్నని పగుళ్లే! ఇంజిన్ ఆగడం కన్నా ఇదే ప్రమాదం. వేడి ఇంజిన్ మీద చుక్క పడితే మంటలే. బానెట్ దగ్గర పెట్రోలు వాసనొస్తే స్టార్ట్ చేయకుండా ముందు గొట్టాలు చూడమంటాడు.

2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ పాత రకం రబ్బరును దెబ్బతీస్తుంది. గాలిలో తేమను పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి కదపకపోతే కార్బొరేటర్ లోపల చిలుం పట్టొచ్చు. పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటంతో మిశ్రమం పలచబడుతుంది. కొత్త కార్లలో సెన్సరు చూసి కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి ఎక్కడిది? ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, 10 శాతానికి సర్దిన కార్లకు 20 శాతంతో మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే చెప్పింది. గొట్టాలు, డయాఫ్రంలు ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించుకోవడం మేలు. రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో అడిగి తీసుకోవచ్చు.

ఉంచాలా? వదిలేయాలా?

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి తాళాలు అందించారు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఆ చిన్న బండి మధ్యతరగతి ఇంటికి కారు తెచ్చింది. 2000 ప్రాంతంలో కార్బొరేటర్ స్థానంలో ఎంపీఎఫ్ఐ వచ్చింది. కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమ్మకాలు ఆగాయి. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది.

అభిమానం ఒక్కటే చాలదు. 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5 వేల నుంచి 10 వేల రూపాయలకు పెంచింది. ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ అదనం. అందుకే భాయ్ ఒకటే చెబుతాడు... ‘‘కింద చాసిస్ చూడున్రి సార్. తుప్పు తిన్నదా, వదిలేయున్రి. గట్టిగుందా, ఇంజిన్‌కి నేనున్న.’’

మా బండి కింద తుప్పు లేదు. గొట్టాలన్నీ మార్పించాం. కార్బొరేటర్ మాత్రం పాతదే.

మొన్న మళ్లీ లోతుకుంట. మళ్లీ అదే ట్రాఫిక్. ఉన్నట్టుండి ఇంజిన్ ఆగింది. నా గుండె జారింది. నాన్నగారు తాపీగా అన్నారు... ‘‘కంగారెందుకు? నేనే ఆపాను. పెట్రోలు రేటు తెలుసా నీకు?’’

దారి దొరికింది. తాళం తిప్పారు. టక్... బండి కదిలింది!